జీడి గుర్తు

ఆ మూటలో మొదటిసారి
కొంగు లేని బట్ట దొరికింది మా అమ్మకి.
నాగావళి రేవులో మోకాలి లోతున నిలబడి
చుట్టూ తిప్పింది, మళ్లీ తిప్పింది.
మొదలు లేదు, చివర లేదు.
గొట్టంలా కుట్టేసిన గుడ్డ,
నడుము దగ్గర జానెడు నల్ల పట్టీ,
కింద అరటిపువ్వు రంగు మీద
మాకు పేరు తెలియని పూలు.
"ఓలమ్మ, కొంగు నేకపోతే
ఆడమనిసి సెమటెక్కడ తుడుసుకుంటాది?
సిల్లర డబ్బులెక్కడ ముడేసుకుంటాది?"

రౌతు సూరప్పడు రంగం నుంచి తెచ్చుకున్న పెళ్లాం ఆవిడ.
ఓడ దిగినప్పుడు ఓ రేకు పెట్టె, చంకలో పిల్లాడు,
అరగదీస్తే గంధంలా దిగే
గంధం కాని చెక్క ముక్క.
పేరు మా తెయిన్.
అందులో 'మా' తప్ప ఇంకేం అర్థం కాలేదు గుజరాతీపేటకి.
ఆ 'మా' కూడా మనది కాదు.
ఎప్పుడో ఎక్కణ్ణించో వచ్చినవాళ్ల పేరు పెట్టుకున్న పేటే,
అయినా నోరు తిరగలేదు.
అత్త తవిటమ్మ అని పిలిచింది.
పేరుతో పాటు ఓ చీరా పెట్టింది,
పసుప్పచ్చది, మిరపపండు అంచు.

మాకు మనుషులు మొహాల కంటే ముందు
మాసిన బట్టలుగా తెలుస్తారు.
మొదటి ఏడు ఆ చీర అంచంతా బురద,
కుచ్చిళ్లు తొక్కుకుంటూ నడిచేదన్నమాట.
రెండో ఏడు కొంగు నిండా మసి, పిల్లాడి చీమిడి.
మూడో ఏడు కొంగు కొసన ముడి,
విప్పితే ఐదు పైసల బిళ్ల.
తిరిగిస్తే నవ్విందట.
"ఉంచీయే" అందట, మన యాసలోనే.

ఆ తర్వాత గొట్టం బట్టలు రేవుకి రాలేదు.
ఒక్క రవికె తప్ప,
పక్కకి గుండీలు పెట్టుకునే పల్చని తెల్లది,
గుండీలు గాజురాళ్లు.
బండకేసి కొట్టొద్దని చేత్తో సైగ చేసేది.
మాటలన్నీ వచ్చేశాక కూడా
ఆ ఒక్కదానికి సైగే.

ఇంటికో గుర్తు మాకు.
నల్లజీడి గింజ గుచ్చి బట్ట మూలన
డాక్టరు గారికి మూడు చుక్కలు,
మిల్లు వారికి కాకికాలు.
"నీకేటెట్టమంటావు?" అనడిగితే
గొంతుక్కూర్చుని తడి ఇసకలో వేలితో రాసింది,
సున్నాలు, అరసున్నాలు,
ఒకదాన్నొకటి పట్టుకున్న సున్నాలు.
అమ్మకి మన అక్షరాలూ రావు.
ఇవీ అవే అనుకుంది.
ఓ పక్క తెరిచి ఉన్న సున్నా ఒకటి ఏరుకుంది.

సూరప్పడు పోయాడు.
పుట్టింటివాళ్లు తేవాల్సిన తెల్లచీర.
పుట్టిల్లు సముద్రం అవతల, కాబట్టి
ఎవరో కొన్నారు, ఎవరో కట్టారు.
పెద్దకర్మ అయిన మూడో నాడు
తనే రేవుకొచ్చింది. ఒక్క చీర. మాసిందేం కాదు.
"మాకాడ మొగుడు పోతే రంగు పోదు" అంది,
అంతే.

రంగులద్దేవాళ్లం కాదు మేం.
తెలుపు ఇంకా తెల్లబడాలని
చిటికెడు కలిపే నీలిమందు
ఆ పూట పొట్లం పొట్లమే గుమ్మరించింది అమ్మ.
"సెయ్యి జారిపోనాది" అని ఊరికి చెప్పింది.
చచ్చేదాకా ఆ అబద్ధం మీదే ఉంది.

నీలం సమంగా పట్టలేదు,
ఒకచోట మబ్బు, ఒకచోట లోతు నీరు.
అది కట్టుకుని ఆవిడ వంతెన మీద పోతుంటే
గాడిద మెడ పట్టుకుని చూశాను, ఎనిమిదేళ్లదాన్ని.
చెంపల మీద ఆ చెక్క గంధం
రెండు గుండ్రాలు, ఆరిపోయి, బీటలిచ్చి.

ఇప్పుడు నాది ఇస్త్రీ బండి.
జీడి గుర్తులు ఎవరూ పెట్టనివ్వరు,
కాగితం చీటీలు, పిన్నులు.
మొన్న ఆవిడ మనవరాలు,
బ్యాంకులో చేస్తుంది,
ఓ పాత బొంత తెచ్చింది.
నీలమూ కాక తెలుపూ కాక అయిపోయిన చీరని
నాలుగు మడతలేసి కుట్టింది.
"మూలన ఇదేం మరకండీ? పోతుందా?"

పెట్టె వేడెక్కేదాకా చూస్తూ ఉన్నాను.
పోదమ్మా, అన్నాను.
అది మరక కాదని చెబుదామనే అనుకున్నాను.
వెనక ఎవరో చొక్కాలు పట్టుకుని
తొందరపెడుతున్నారు.